పికప్ ట్రక్కుకు హెడర్లు: ఏవి కొనాలి, అసలు కొనాలా?

(అమెరికాలో డాలస్ పరిసరాల్లో ఉంటున్న తెలుగు ట్రక్కు యజమానుల కోసం చేసిన ప్రసంగం, ఆ తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాల పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళదాం. హెడర్లంటే ఇంజిన్ పొగను బయటికి తీసుకుపోయే ఉక్కు గొట్టాలు, సిలిండర్‌కు ఒకటి చొప్పున ఉంటాయి. కంపెనీ బిగించిన పోత ఇనుప ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తీసేసి, ఆ చోట వీటిని పెడతారు. మీలో చాలామంది ఫోనుల్లో ఈపాటికే ఏదో ఒక హెడర్ల ప్రకటన తెరిచి ఉంటుంది. మెరిసే గొట్టాల బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో "30 హార్స్‌పవర్ అదనం" అన్న మాట. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. ఏ ఇంజిన్ మీద, ఎంత వేగంలో, ఇంకేమేం మార్చిన తర్వాత వచ్చిందో మాత్రం అక్కడ రాయరు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒకటే. మీ టాకోమీటరు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు) ముల్లు రోజులో ఎక్కువసేపు ఎక్కడ నిలబడుతుందో చూసుకుని, దాన్నిబట్టి హెడర్లను ఎంచుకోవాలి. ప్రకటనల్లోని అంకెలన్నీ ముల్లు ఎర్రగీత దగ్గరకు, అంటే ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం దగ్గరకు, చేరినప్పటివి. మీ ట్రక్కు ఏడాదిలో ఎన్నిసార్లు అక్కడికి వెళుతుందో మీకే తెలియాలి.

అన్ని ఇంజిన్ల గురించీ మాట్లాడితే ఏదీ తేలదు. అందుకని ఒకే ఒక ఇంజిన్‌ను పట్టుకుంటాను. షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెర్రా ట్రక్కుల్లో 1999 మోడల్ నుంచి వచ్చిన 5.3 లీటర్ల వీ8. బయట పార్కింగులో చూశాను, మనవాళ్ళు తెచ్చిన వాటిలో ఎక్కువ అవే. తక్కువ ధరకు దొరుకుతాయి, విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి, పడవనో ట్రెయిలర్‌నో తగిలించి లాగినా మొరాయించవు. తొలి తరం ట్రక్కుల్లో ఎక్కువగా బ్లాకు పోత ఇనుము, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కూడా అంతే, సిలిండర్ హెడ్లు అల్యూమినియం. ఈ ఇనుము, అల్యూమినియం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దాని దగ్గరకే వస్తాం. ఒక్కో సిలిండర్ వ్యాసం 96 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 92 మిల్లీమీటర్లు. అంటే సిలిండర్‌కు దాదాపు 666 సీసీ. తొలి తరం ఇంజిన్లలో ఏడాదిని బట్టి 270 నుంచి 295 హార్స్‌పవర్ దాకా అని కంపెనీ చెప్పింది, అదీ 5000, 5200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర. టార్క్, అంటే ఇరుసును తిప్పే బలం, 4000 దగ్గర శిఖరానికి చేరుతుంది.

ఇప్పుడు మీ ముల్లు సంగతి చూద్దాం. 3.73 యాక్సిల్ నిష్పత్తి, 31 అంగుళాల టైర్లు ఉన్న ట్రక్కు గంటకు 65 మైళ్ళ వేగంతో ఓవర్‌డ్రైవ్‌లో, అంటే అన్నిటికన్నా పై గేరులో, వెళుతుంటే ఇంజిన్ 1850 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. పడవ తగిలించి మూడో గేరులో పెడితే 2600. ఎక్కుడు దారిలో గేరు ఇంకొకటి తగ్గితే ముల్లు పైకి లేస్తుంది, కానీ అక్కడ ఎంతసేపు ఉంటుంది? టెక్సస్‌లో కొండలు ఎన్ని? కాబట్టి మీ ట్రక్కు బతుకంతా 1500కూ 3500కూ మధ్యే. హెడర్లు ఆ పరిధిలో ఏం చేస్తాయన్నదే అసలు ప్రశ్న.

అది తెలియాలంటే గొట్టం లోపల జరిగేది కొంచెం తెలియాలి. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే క్షణానికి పిస్టన్ ఇంకా కిందికి దిగుతూనే ఉంటుంది. సిలిండర్‌లో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి కొన్ని రెట్లు ఉంటుంది. వాల్వు తెరుచుకోగానే పొగ ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది. ఆ దూకుడుతో పుట్టిన ఒత్తిడి అల, వేడి వాయువులో ధ్వని ప్రయాణించే వేగంతో, అంటే సెకనుకు సుమారు 550 నుంచి 600 మీటర్ల వేగంతో గొట్టం వెంట పరుగెడుతుంది. నాలుగు గొట్టాలు కలిసే చోటును కలెక్టర్ అంటాం. అక్కడ ఒక్కసారిగా జాగా విశాలమయ్యేసరికి, ఆ అలలో కొంత భాగం ఈసారి తక్కువ ఒత్తిడి అలగా మారి వాల్వు వైపు తిరిగి వస్తుంది. అది చేరేసరికి వాల్వు ఇంకా తెరిచి ఉంటే, లోపల మిగిలిన పొగను కూడా బయటికి లాగుతుంది. హెడర్ల విద్య అంతా ఈ తిరుగు ప్రయాణంలోనే ఉంది.

లెక్క చూడండి. గొట్టం పొడవు 34 అంగుళాలు అనుకుందాం. పోయి రావడానికి 1.7 మీటర్ల పైచిలుకు, సమయం 3 మిల్లీసెకన్లు. 2000 ఆర్‌పీఎం దగ్గర ఆ 3 మిల్లీసెకన్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇంజిన్ ఇరుసు) 36 డిగ్రీలు తిరుగుతుంది. 5000 దగ్గర 90 డిగ్రీలు తిరుగుతుంది. అల వేగం దాదాపు మారదు, ఇంజిన్ వేగం మాత్రం మారుతుంది. అందువల్ల ఒక పొడవు ఒక్క ఆర్‌పీఎం పరిధిలోనే సరైన వేళకు అలను తెస్తుంది. గొట్టం పొడవు పెరిగేకొద్దీ ఆ పరిధి కిందికి జరుగుతుంది. షార్టీ అని పిలిచే పొట్టి హెడర్ల గొట్టాలు అడుగు, అడుగున్నర ఉంటాయి. వాటిలో అల వెళ్ళిన వెంటనే తిరిగి వచ్చేస్తుంది. మన ట్రక్కు తిరిగే వేగాల్లో దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దీన్ని అమ్మేవాళ్ళు చెప్పరు. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతి వాళ్ళు పెరుగన్నంలో ఉండగానే రెండో బంతి వాళ్ళు వచ్చి కుర్చీల వెనక నిలబడతారు కదా. ఇంజిన్‌లోనూ అలాంటి వేళ ఒకటి ఉంటుంది. పొగ పోయే వాల్వు పూర్తిగా మూసుకోకముందే గాలి వచ్చే వాల్వు తెరుచుకుంటుంది. దాన్ని ఓవర్‌ల్యాప్ అంటాం. తిరిగి వచ్చిన అల ఆ వేళకు అందితే పాత పొగను లాగడమే కాక, కొత్త గాలి లోపలికి రావడానికి కూడా సాయం చేస్తుంది. పందేల ఇంజిన్లలో హెడర్లు అద్భుతాలు చేసేది అందుకే, వాల్వులను తెరిచే వాటి క్యామ్‌షాఫ్ట్‌లో ఓవర్‌ల్యాప్ ఎక్కువ. మన 5.3 ట్రక్కు క్యామ్‌ను జీఎం బరువు లాగడానికీ, మెత్తగా నడవడానికీ గీసింది. అందులో ఓవర్‌ల్యాప్ చాలా తక్కువ. అల ఎంత సమయానికి వచ్చినా అది తలుపు తట్టగలిగే వ్యవధి కొద్దిగానే ఉంటుంది. అందుకని క్యామ్ మార్చని ఇంజిన్ మీద హెడర్లతో వచ్చే లాభంలో ఎక్కువ భాగం, పొగను బయటికి నెట్టడానికి పిస్టన్ పడే శ్రమ తగ్గడం వల్లే. అది నిజమైన లాభమే, కానీ చిన్నది.

ఎంత చిన్నది? కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న 5.3 మీద షార్టీలు పెడితే వచ్చే తేడా, శక్తిని కొలిచే డైనో యంత్రం మీద ఒక పరుగుకూ మరో పరుగుకూ మధ్య మామూలుగా ఉండే తేడాలో కలిసిపోయేంత. లాంగ్ ట్యూబులు, అంటే పొడవాటి హెడర్లు పెట్టి, ఇంజిన్ కంప్యూటర్‌ను ట్యూన్ చేయిస్తే చక్రాల దగ్గర 15 నుంచి 25 హార్స్‌పవర్ సాధారణంగా కనిపిస్తుంది, అదీ మధ్య వేగాల నుంచి పైకి. ఇది చూసి నిరాశపడేవాళ్ళు ఉంటారని తెలుసు. కానీ బరువు లాగేటప్పుడు 2500, 3000 మధ్య పెరిగే కొద్దిపాటి టార్క్ కూడా కాలికి తెలుస్తుంది. గేరు ఊరికే కిందికి దూకకుండా నిలబడుతుంది. నాకైతే ఎర్రగీత దగ్గరి 30 కంటే ఇక్కడి 10 ముద్దు.

ఇప్పుడు రకాలు. షార్టీల గురించి చెప్పాను. అవి పాత మానిఫోల్డ్ ఉన్న చోటే కూర్చుంటాయి, కిందున్న పైపు మార్చనక్కర్లేదు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కదలదు. వాటి గొప్పంతా అదే, అది తక్కువేమీ కాదు. లాంగ్ ట్యూబులు 30 అంగుళాల పైన ఉంటాయి, ఇంజిన్ కింద గేర్‌బాక్స్ పక్కదాకా దిగుతాయి. ఈ రెంటికీ మధ్య మిడ్ లెంగ్త్ అని ఒకటి ఉంది. దాన్ని కొనడానికి నాకు ఇప్పటిదాకా మంచి కారణం దొరకలేదు.

ట్రక్కు మనుషులు ఎక్కువగా పట్టించుకోనిది, నా దృష్టిలో పట్టించుకోవలసినది ట్రై వై. నాలుగు గొట్టాలూ ఒకేసారి ఒకటిగా కలవకుండా, ముందు రెండు రెండుగా, తర్వాత ఆ రెండూ ఒకటిగా కలుస్తాయి. దాని వల్ల ప్రయోజనమేమిటో ఈ ఇంజిన్ ఫైరింగ్ క్రమంతో, అంటే సిలిండర్లు పేలే వరుసతో చెబుతాను. 1, 8, 7, 2, 6, 5, 4, 3. బేసి అంకెలన్నీ డ్రైవర్ వైపు, సరి అంకెలు పక్క ప్రయాణికుడి వైపు. క్రమాన్ని గుండ్రంగా చదవండి. 3 తర్వాత మళ్ళీ 1. రెండూ డ్రైవర్ వైపే, 90 డిగ్రీల తేడాతో. అవతలి వైపు 2 వెంటనే 6, అవీ 90 డిగ్రీలే. అమెరికన్ వీ8 ఆ గుడగుడ శబ్దం చేసేది ఇందుకే. ఒకే వైపు రెండు సిలిండర్లు ఒకదాని వెంట ఒకటి పొగ వదులుతాయి. నాలుగూ ఒకే కలెక్టర్‌లో కలిస్తే, వెనకొచ్చిన సిలిండర్ దెబ్బ ముందు సిలిండర్ పని పూర్తి కాకముందే దాని గొట్టంలోకి తగులుతుంది. ట్రై వైలో 1ని 5తో, 3ని 7తో జత కడతారు. అవతల 2ను 4తో, 6ను 8తో. అప్పుడు ఏ జత తీసుకున్నా రెండు దెబ్బల మధ్య కనీసం 270 డిగ్రీల ఎడం ఉంటుంది. తక్కువ, మధ్య వేగాల్లో టార్క్ నిలకడగా ఉండడానికి ఇది పనికొస్తుంది. పై వేగాల్లో నాలుగు ఒకటిగా కలిసే హెడర్ దీన్ని దాటేస్తుంది, దాటనివ్వండి. డగ్ థోర్లీ లాంటి కంపెనీలు ట్రక్కులకూ, ఇల్లులా వాడుకునే ఆర్‌వీ బండ్లకూ ఈ తరహా గొట్టాలు ప్రత్యేకంగా చేసి పేరు తెచ్చుకున్నాయి. మీ మోడల్‌కు దొరుకుతుందో లేదో చూసుకోవడం మీ పని.

సమాన పొడవు అన్న మాట ప్రకటనల్లో తరచుగా చూస్తారు. నాలుగు గొట్టాలూ ఒకే పొడవు ఉండడం మంచిదే. కానీ ఇప్పుడే చూశాం కదా, ఒక వైపు సిలిండర్ల మధ్య ఎడమే సమానంగా లేదు. 180, 270, 180, 90. అందుకని ఆ మాట కోసం అదనంగా డబ్బు పోయనక్కర్లేదు.

లావు సంగతికి వస్తే, అందరూ చేసే పని పెద్దది కొనడం. 5.3కు మూడు కొలతలు దొరుకుతాయి, 1⅝ అంగుళాలు, 1¾, 1⅞. ఇవి బయటి వ్యాసాలు. గొట్టం గోడ 1.6 మిల్లీమీటర్లు అనుకుంటే 1⅝ లోపల 38 మిల్లీమీటర్లు వస్తుంది, 1¾ లోపల 41 పైన. చూడడానికి మూడే మిల్లీమీటర్లు, వైశాల్యంలో ఆరో వంతు ఎక్కువ. వైశాల్యం పెరిగితే తక్కువ వేగంలో పొగ నడక మందగిస్తుంది. వేగంగా కదిలే పొగకు ఉండే ఊపే తన వెనకున్నదాన్ని లాగేది. క్యామ్ మార్చని 666 సీసీ సిలిండర్‌కు 1⅝ చాలు. 6.0 లీటర్లు, లేదా క్యామ్ మార్చిన 5.3 అయితే 1¾ సబబే. 1⅞ మీ ట్రక్కుది కాదు. పక్కింటాయన అదే పెట్టించాడని మీరూ పెట్టిస్తానంటే నేను ఆపలేను. కలెక్టర్ 3 అంగుళాలు సాధారణం, 2½ అయినా బాధపడనక్కర్లేదు.

లోహం గురించి. మైల్డ్ స్టీలుకు నల్ల రంగు వేసినవి చవక. డాలస్ ఎండల్లో కొన్నేళ్ళు వస్తాయి. షికాగోలోనో డెట్రాయిట్‌లోనో ఉంటే చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు వాటిని తినేస్తుంది. వాటి మీదే సిరామిక్ పూత వేసినవి మేలు. పూత తుప్పునూ ఆపుతుంది, బానెట్ కింద వేడినీ తగ్గిస్తుంది. స్టెయిన్‌లెస్‌లో రెండు రకాలు ఎదురవుతాయి. 409లో క్రోమియం 11 శాతం దాకా ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు, అయస్కాంతం అంటుకుంటుంది, గోధుమ రంగు మరకలు పడతాయి, కానీ గట్టిగా నిలుస్తుంది. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. అందంగా ఉంటుంది, ధరా ఎక్కువే. అయితే వేడికి 409 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. కాబట్టి 304 కొంటే కలెక్టర్ తర్వాత సాగడానికి వీలుండే జాయింటు ఉందో లేదో అడగండి. అంత సాగే గొట్టాన్ని రెండు చివరలా బిగించి పెడితే పగులు ఏదో ఒక వెల్డింగ్ దగ్గర రావాల్సిందే. గొట్టాలకు గుడ్డపట్టీ చుట్టే అలవాటు కొందరికి ఉంది. వేడి లోపలే ఉంటుంది, నిజమే, కానీ ఆ పట్టీ తేమను పట్టుకుంటుంది. మైల్డ్ స్టీలు దాని కింద చప్పుడు లేకుండా కుళ్ళిపోతుంది. చాలామంది తయారీదారులు పట్టీ చుడితే వారంటీ చెల్లదంటారు.

గొట్టం కంటే ముందు నేను చూసేది ఫ్లాంజ్. హెడ్‌కు ఆనుకునే ఆ పలక మందం 3/8 అంగుళం ఉంటే సంతోషం. పెట్టె తెరవగానే దాని మీద ఒక తిన్నని ఉక్కు స్కేలు నిలబెట్టి, వెనక దీపం పెట్టి వెలుగు కనపడుతుందేమో చూడండి. వెల్డింగ్ వేడికి పలక వంగుతుంది, మంచి కంపెనీలు వెల్డింగ్ తర్వాత మళ్ళీ చదును చేస్తాయి. రంధ్రం లోపల వెల్డింగ్ ముద్దలు పొడుచుకు వచ్చాయేమో వేలు పెట్టి చూడండి. పోర్టు (హెడ్‌లో పొగ బయటికొచ్చే రంధ్రం) కంటే గొట్టం నోరు చిన్నదైతే తిప్పి పంపండి, కాస్త పెద్దదైతే ఇబ్బంది లేదు. హెడర్లతో వచ్చే కాగితపు ప్యాకింగ్‌ను చెత్తబుట్టలో వేసి, కంపెనీ వాడే పొరల ఉక్కు గాస్కెట్ కొనండి.

ఇక బోల్టులు. ఈ ఇంజిన్ కథంతా బోల్టుల్లో ఉంది. మీలో చాలామంది హెడర్ల ఆలోచన చేయడానికి కారణం హార్స్‌పవర్ కానే కాదు, ఒక బోల్టు విరిగింది. ఎందుకు విరుగుతుందో చూడండి. మానిఫోల్డ్ పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. బరువు లాగుతుంటే అది 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడికి పోత ఇనుము రెండున్నర మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. దాని వెనకున్న అల్యూమినియం హెడ్, ఇనుము కంటే రెట్టింపు సాగే లోహమే అయినా, నీళ్ళ చల్లదనంలో 100 డిగ్రీల లోపే ఉంటుంది కాబట్టి ఒక మిల్లీమీటరు కూడా సాగదు. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు. ప్రతిసారి ఇంజిన్ వేడెక్కినప్పుడు మానిఫోల్డ్ చివరలు బోల్టులను పక్కకు తోస్తాయి, చల్లారినప్పుడు వెనక్కి లాగుతాయి. 8 మిల్లీమీటర్ల బోల్టు ఎన్నేళ్ళు ఓర్చుకుంటుంది? చివరివి, అందులోనూ వెనక, క్యాబిన్‌కు ముందుండే ఫైర్‌వాల్ వైపున్నవి ముందు తెగుతాయి. ఈ జబ్బు జీఎం ఒక్కదానిదే కాదు. ఫోర్డ్ 5.4 మూడు వాల్వుల ఇంజిన్‌లోనూ, ర్యామ్ 5.7 హెమీలోనూ ఇదే గొడవ.

ఉక్కు గొట్టాల హెడర్ ఇక్కడ మేలు చేస్తుంది. పలక ఒకటే అయినా గొట్టాలు వంగి ఒత్తిడిని కొంత మింగుతాయి. కొన్ని కంపెనీలు పోర్టుకు పోర్టుకు మధ్య పలకను కోసి వదులుతాయి, అది ఇంకా మంచిది. కాని బిగించే పద్ధతి సరిగ్గా లేకపోతే ఎంత మంచి హెడరైనా ఆరు నెలల్లో పొగ లీకై టిక్కు టిక్కు మంటుంది. మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి చివరలకు వెళ్ళాలి. మొదటి విడత 15 న్యూటన్ మీటర్లు, రెండో విడత 25. అంతే. పాత అడుగు పౌండ్లలో 11, 18. చేతికి ఇది చాలా వదులుగా అనిపిస్తుంది, అందుకే టార్క్ రెంచి వాడమంటున్నాను. బలం చూపించడానికి అల్యూమినియం మరలు చోటు కాదు. ఒకసారి పూర్తిగా వేడెక్కించి, రాత్రంతా చల్లారనిచ్చి, మళ్ళీ సరిచూడండి. వర్క్‌షాపుకు ఇస్తే విరిగిన బోల్టులు తీయడానికి వేరే లెక్క ఉంటుందని ముందే మాట్లాడుకోండి. హెడర్ల ధర కన్నా ఆ కూలి ఎక్కువైన బిల్లులు చూశాను.

నిజం చెప్పాలంటే, బోల్టు విరిగిందన్న ఒక్క కారణంతో వచ్చినవాళ్ళకు నేను చెప్పేది హెడర్లు వద్దని. కొత్త బోల్టులు, కొత్త గాస్కెట్, పలక వంగి ఉంటే కొత్త మానిఫోల్డ్. పోత ఇనుమును తీసిపారేయకండి. వేడిని పట్టి ఉంచుతుంది, శబ్దాన్ని మింగుతుంది, ప్లగ్ వైర్లను కాల్చదు. లాంగ్ ట్యూబులు వేసినవాళ్ళను అడగండి. డ్రైవర్ వైపు స్టీరింగ్ షాఫ్ట్ పక్క నుంచి గొట్టం దూర్చాలి, ప్లగ్ మార్చాలంటే చెయ్యి పట్టదు, ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలనూ ఇంజిన్ తిప్పే) ట్రక్కయితే ముందు డ్రైవ్ షాఫ్ట్ అడ్డం, వైర్ల చివర వేడి తొడుగులు వేయాలి.

చట్టం గురించి రెండు ముక్కలు. క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం రోడ్డు మీద తిరిగే బండికి కన్వర్టర్ తీసేయడం దేశమంతటా చట్టవిరుద్ధం, అది వర్క్‌షాపుకే కాదు, యజమానికీ వర్తిస్తుంది. లాంగ్ ట్యూబుల కలెక్టర్ సరిగ్గా మన ట్రక్కు కన్వర్టర్లు ఉన్న చోటికే దిగుతుంది. అంటే కన్వర్టర్లను కదపకుండా అవి పట్టవు. అందుకే వాటిని చాలా కంపెనీలు పందేలకు మాత్రమే అని చిన్న అక్షరాల్లో రాసి అమ్ముతాయి. ఆ చిన్న అక్షరాలు మీకోసమే. కాలిఫోర్నియాలో ఉండే బంధువులు కొనాలనుకుంటే అక్కడి గాలి బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అనే అనుమతి నంబరు ఆ భాగానికి, ఆ మోడల్ సంవత్సరానికి ఉందో లేదో చూడాలి. ఉన్న చోట అవి ఎక్కువగా షార్టీలే. మన టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత వాహనాలకు భద్రతా తనిఖీ ఎత్తేశారు. దాన్ని చూసి అంతా ఎత్తేశారనుకునేవాళ్ళు ఉన్నారు. డాలస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. 1996 తర్వాతి బండికి కంప్యూటర్‌కు తీగ తగిలించి చూస్తారు, డ్యాష్‌బోర్డ్ మీద ఇంజిన్ దీపం వెలుగుతుంటే అక్కడే ఆగిపోతారు. 24 ఏళ్ళు దాటిన బండికి పరీక్ష లేదు, చట్టం మాత్రం ఉంది.

నా వంతు అయింది. ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: నాది 2014 సిల్వరాడో. హెడర్లు పెట్టాక హైవే మీద చెవుల్లో హోరు వస్తుందంటున్నారు, నిజమేనా?

నిజమే. 2007 తరం నుంచి ఈ 5.3లో బరువు లేనప్పుడు నాలుగు సిలిండర్లు ఆపేసే ఏర్పాటు ఉంది. 1, 4, 6, 7 ఆగిపోతాయి. మిగిలిన నాలుగే పేలుతుంటే శబ్దం కిందిస్థాయికి దిగి క్యాబిన్‌లో మోగుతుంది. పోత ఇనుము దాన్ని చాలావరకు అణిచిపెట్టేది. పలుచని గొట్టాలు అణచవు. సైలెన్సర్ కూడా మార్చారా ఇంకా ఘోరం. సైలెన్సర్‌ను అలాగే ఉంచండి. మీరు అడగని ఇంకో మాట. ఆక్సిజన్ సెన్సర్ ముందు ఎక్కడ చిన్న లీకు ఉన్నా బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ పెట్రోలు తక్కువైందనుకుని కంప్యూటర్‌కు చెబుతుంది, అది ఎక్కువ పోస్తుంది. హెడర్లు పెట్టాక మైలేజీ పడిపోయిందని వచ్చే ఫిర్యాదులకు మూలం చాలాసార్లు ఇదే.

ప్రశ్న: మా తమ్ముడికి హైదరాబాద్‌లో ఇసుజు వీ క్రాస్ ఉంది, ఇక్కడి నుంచి హెడర్లు పంపమంటున్నాడు.

పంపకండి అమ్మా. అది టర్బో డీజిల్. మానిఫోల్డ్ నుంచి పొగ నేరుగా టర్బో చక్రం మీదికి పోతుంది, అక్కడ వేడి, ఒత్తిడి నిలబడడమే కావాలి. నేను చెప్పిన అలల లెక్క దానికి పనికిరాదు. పైగా అక్కడి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చనివ్వదు. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోమనండి.

ప్రశ్న: ఫోర్డ్ ఎకోబూస్ట్ వాళ్ళం మేమేం చేయాలి?

మీది కూడా టర్బోనే, అదే జవాబు. షెవర్లే కొలరాడోలో 2015లో వచ్చిన 3.6 లీటర్ల వీ6 వాళ్ళకైతే ఇంకా సులువు. మానిఫోల్డ్ హెడ్‌లోనే పోత పోసి ఉంది, విప్పడానికి ఏమీ లేదు. (నవ్వులు)

ప్రశ్న: పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంది, నాలుగైదు నిమిషాల్లో పోతుంది. వాల్వును ఎత్తే లిఫ్టరా, మానిఫోల్డ్ బోల్టా?

వేడెక్కాక పోతుందంటే ముందు బోల్టునే అనుమానించాలి. లోహం సాగి ఆ సందును మూసేస్తుంది, చల్లారితే మళ్ళీ తెరుచుకుంటుంది. వేడి మీద మీరు ఎంత వెతికినా దొరకదు. రేపు పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తి, టార్చి, చిన్న అద్దం పట్టుకుని రెండు వైపులా వెనక చివర చూడండి. బోల్టు తల లేకపోతే ఖాళీ రంధ్రం కనిపిస్తుంది. తల ఉంటే, ఆ పోర్టు అంచున గాస్కెట్ దగ్గర నల్లటి మసి చార ఉందేమో చూడండి. మసి ఉంటే ఈ నెలలోనే చేయించండి. వేడి పొగ ఆ సందులోంచి పోతూ పోతూ అల్యూమినియం హెడ్ ముఖాన్ని కోసేస్తుంది, అప్పుడు గాస్కెట్ కొత్తదైనా ఆనదు. విరిగిన ముక్క హెడ్ అంచు కంటే కాస్త పైకి మిగిలి ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డ్ చేసి తిప్పితే వచ్చేస్తుంది, వెల్డింగ్ వేడికే సగం పట్టు వదులుతుంది. లోపలికి విరిగి ఉంటే డ్రిల్లు మీరు పట్టుకోవద్దు, ఆ పని చేసిన చేతికి ఇవ్వండి. వెనకవైపు ఒకటే విరిగి, ట్రక్కు ఇంకో రెండేళ్ళే వాడతాను అంటే, బోల్టు తీయకుండా హెడ్ చివరనున్న ఖాళీ మర రంధ్రంలో బిగించి మానిఫోల్డ్‌ను అదిమి పట్టే క్లాంపులు దొరుకుతాయి. మసి ఏమీ లేకపోతే అప్పుడు లిఫ్టర్ గురించి మాట్లాడుకుందాం.